నాలుగో రెక్క

వెడల్పు రెక్కలదే కావాలంటున్నాడు అన్న, గాలి కోసం కాదు, అక్షరాల కోసం, అమీనుద్దీన్ భాయ్ దుకాణంలో పైన వేలాడుతున్న ఇన్ని ఫ్యాన్లలో ఒక్కదాని గాలి సంగతీ అడగలేదు, ఎంత కరెంటు తాగుతుంది, చప్పుడు చేస్తుందా, ఎన్నాళ్లు మన్నుతుంది, ఏమీ లేదు, మెడ వెనక్కి విరిచి రెక్కల అడుగు చూస్తున్నాడు, ఎన్నికలప్పుడు రాతకు గోడలు చూసుకునే మనిషిలాగా, ఎల్లుండికి మమ్మల్ని కన్న అవ్వ పోయి ఏడాది, కుల సంఘం భవనానికి అవ్వ పేరు మీద ఒక ఫ్యాను ఇస్తున్నాం, ఇస్తున్నాం అనేది నా మాట, అన్న మాత్రం ఇస్తున్న అనే అంటాడు, మరి నన్నెందుకు రమ్మన్నట్టు, నువ్వయితె మంచిగ ఏరుతవ్ రోజా, బట్టల దుకాణంల పనిచేస్తవ్ గద అన్నాడు ఫోన్‌లో, చీరలు విప్పి చూపించేదానికి ఫ్యాన్ల గురించి ఏం తెలుస్తుందని, అయినా వచ్చాను, సేటు దగ్గర అరపూట సెలవు అడిగి ఈ మే నెల ఎండలో పాత బస్టాండు నుంచి నడిచి వచ్చాను, ఎందుకొచ్చానో నాకు తెలుసు, ఆ రెక్కల మీద నా పేరు పడుతుందా లేదా చూద్దామని వచ్చాను, నోరు తెరిచి అడగను, అడిగి రాయించుకున్నది ఏం పేరు, కానీ కూతురు అన్న ఒక్క మాటయినా ఆ ఫ్యాను మీద ఉండాలి, లక్ష్మమ్మ కన్నది ఒక్క కొడుకునే కాదని సంఘంలో కూర్చున్నవాళ్లకు తెలియాలి.

సార్, గిది కొత్త మోడల్, రిమోట్ తోని నడుస్తది, పాతయి తాగే కరెంటుల సగం కూడ తాగది అంటున్నాడు అమీనుద్దీన్ భాయ్, డెబ్బై ఏళ్లుంటాయి, నిచ్చెన ఎక్కలేడు, పొడుగు కర్రతో ఒక్కో ఫ్యానునూ తాకి చూపిస్తున్నాడు, రిమోట్ సంఘంల ఆగుతదా భాయ్, తెల్లారేసరికి ఎవడో ఒకడు ఎత్కపోతడు అన్నాడు అన్న, అది నిజమే, ఆ తర్వాత అసలు మాట అడిగాడు, రెక్క గింత మెరుస్తున్నది, పెయింటు ఆగుతదా దీని మీద, ఆగది సార్, ఆర్నెల్లకు పొక్కులు లేస్తయ్ అన్నాడు భాయ్, అంతే, ఆ ఫ్యాను పక్కకు పోయింది, ఇంకోదాని రెక్కల మీద పూల డిజైను, రాతకు జాగా లేదు, మరొకటి రెక్క సన్నం, పంచాయతీ కార్యదర్శి అనే అన్న హోదా అందులో పట్టదు, భాయ్‌కి విసుగొచ్చినట్టుంది, పేరు సంగతి తర్వాత సార్, కప్పు ఎంత ఎత్తున్నది, కింద ఎవలు కూసుంటరు, కూసుని ఏం పని చేస్తరు, గవి తెలిస్తెనే గద ఏ ఫ్యాన్ అక్కరకొస్తదో చెప్పేది అన్నాడు, అన్న నా వైపు చూశాడు, పద్నాలుగు అడుగులుంటది భాయ్, రాడ్డు పొడుగుది పెట్టున్రి, లేకుంటె గాలి పైన్నే తిరుగుతది అన్నాను, ఆ భవనంలో ఇప్పటికే ఎనిమిది ఫ్యాన్లున్నాయి, ఎనిమిదింటి మీదా చచ్చిపోయినవాళ్ల పేర్లూ ఇచ్చినవాళ్ల పేర్లూ, తిరుగుతున్నంతసేపూ ఒక్కటీ చదవరాదు, పెళ్లి భోజనాల మధ్య కరెంటు పోయినప్పుడు మాత్రం అందరూ చెమటలు తుడుచుకుంటూ మెడలెత్తి దాతల పేర్లు చదువుతారు.

కింద కూర్చుని ఏం పని చేస్తారు అని మా ఇంటికి ఫ్యాను కొన్నప్పుడు ఎవరూ అడగలేదు, మా అవ్వ బీడీలు చుట్టేది, నలభై ఏళ్లు చుట్టింది, ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో తునికాకు, ఫ్యాను వేస్తే తంబాకు ఎగిరిపోతుంది, ఆకు ఎండి చుట్టేటప్పుడు పగులుతుంది, పగిలిన బీడీని కంపెనీలో తీసి అవతల పడేస్తారు, అందుకే బీడీలు చుట్టే ఇళ్లల్లో ఫ్యాను ఉన్నా తిరగదు, మా గల్లీలో ఏ చిన్నపిల్లనడిగినా ఈ మాట చెబుతుంది, బాపు పోయాక మా ఇంట్లో మిగిలింది ఒకటే టేబుల్ ఫ్యాను, అది లోపలి అర్రలో అన్నకు, అన్నది పదో తరగతి, తలుపేసుకుని చదివేవాడు, ఆ గాలి బయటికొస్తే మా తంబాకు ఎగురుతుందని అవ్వే తలుపు కింద పాత చీర కుక్కేది, నేను బయట అవ్వ పక్కన కూర్చుని దారం కట్టేదాన్ని, తొమ్మిదేళ్లు నాకు, లోపల ఫ్యాను చప్పుడు వినపడేది, గాలి వచ్చేది కాదు, నా చెమట చాటలో పడితే తంబాకు తడుస్తదే, ముఖం తుడుసుకో అని గదిమేది అవ్వ, బడిలో పిల్లలు నా చేతుల వాసనకు పక్కన కూర్చునేవాళ్లు కాదు, ఏడో తరగతితో ఆగిపోయాను, అన్న చదివాడు, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు రాయపోల్ దగ్గర ఊళ్లో ఆయన ఆఫీసు గదిలో నెత్తి మీదొకటి గోడకొకటి ఫ్యాన్లు, దాని మీద నాకు కోపం లేదని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, ఉంది, ఎప్పటికీ ఉంటుంది, అన్న ఎదురుగా నిలబడి ఏ బొమ్మ లేని రెక్కను వేళ్లతో జానలు జానలుగా కొలుస్తుంటే ఇంకా ఎక్కువవుతోంది.

రెండేళ్ల కింద అన్నే అవ్వ ఇంటికి సీలింగు ఫ్యాను కొని బిగించాడు, దాని కింద అవ్వను నిలబెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు, గీన్ని నేనేం జేసుకోవాలె కొడుకా అన్నది అవ్వ, ఏసుకో అవ్వా, బిల్లు నేను కడ్త అన్నాడు, బిల్లుకు భయపడుతుంది అనుకున్నాడు, అవ్వ చేతుల మీద తిని పెరిగినవాడు ఆ చేతులు ఏం పని చేస్తాయో మరిచిపోయాడు, చుట్టాలొస్తే వేసేది, వాళ్లు గడప దాటగానే ఆపేసేది, నిరుడు ఇదే మే నెలలో ఒక మధ్యాహ్నం పక్కింటి అనసూర్యక్క కత్తెర అడగడానికి పోతే అవ్వ గోడకు ఒరిగి ఉంది, ఒళ్లో చాట అట్లాగే ఉంది, దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది, వడదెబ్బ అన్నారు, పదకొండు రోజులూ వచ్చినవాళ్లందరికీ అన్న చెప్పింది ఒకటే మాట, కరెంటు ఉన్నది, నెత్తి మీద ఫ్యాన్ ఉన్నది, బటన్ ఒత్తితె అయిపోవు, ఒత్తలే, పింఛన్ వస్తుండె, నేనిస్తుంటి, గా బీడీలు ఎవలు చుట్టమన్నరు ఆమెను, మొండిది, మనమేం జేస్తం, విన్నవాళ్లు తలలూపారు, నేనూ పక్కనే చాప మీద కూర్చుని ఊపాను, చెప్తె ఇంటదా అవ్వ అన్నాను, ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో, అవ్వ పోయే ముందు రోజు పొద్దున, వద్దు, అది ఇప్పుడొద్దు, దుకాణంలో ఉన్నాను, ఫ్యాను చూడాలి.

చివరికి పాతరకం తెల్ల ఫ్యాను నచ్చింది అన్నకు, గీ రెక్క సాఫుగున్నది, ఎర్ర అక్షరాలు మంచిగ కనవడ్తయ్ అన్నాడు, ఫోన్ తీసి రాసుకొచ్చింది చదువుతున్నాడు, ఒక రెక్క మీద కీర్తిశేషులు పోచయ్య గారి భార్య కీర్తిశేషురాలు లక్ష్మమ్మ జ్ఞాపకార్థం, ఆ రెక్కలోనూ ముందు బాపు పేరే, తర్వాతే అవ్వ, రెండో దాని మీద కుమారుడు రాజేంద్రప్రసాద్, పంచాయతీ కార్యదర్శి, మూడో దాని మీద కోడలు రమ్య, మనుమడు సాయికిరణ్, చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, అయిపోయింది, అవ్వ తలకు నూనె రాసి జడ వేసినవాళ్లు ఎవరు, కంటి ఆపరేషన్‌కు పక్కన పడుకున్నవాళ్లు ఎవరు, వదిన ఆ గల్లీ వాసనకు తలనొప్పి వస్తుందని గడపలోనే నిలబడి పోయేది, ఆమె పేరు రెక్కకెక్కింది, ముఖం ఫ్యాన్ల వైపు తిప్పుకున్నాను, వాటి ధరల చీటీలు చదువుతున్నట్టు నిలబడ్డాను, అప్పుడు అమీనుద్దీన్ భాయ్ అన్నాడు, సార్, బిడ్డ ఈడ్నే నిలబడ్డది గద, ఆమె పేరేది, అన్నకు ఇబ్బందిగా ఉంది, జాగ యాడున్నది భాయ్, మూడే రెక్కలాయె, ఆడపిల్లది ఇంటిపేరు కూడ వేరే అన్నాడు, నేను వినలేదన్నట్టే ఉన్నాను, భాయ్ లోపలికి పోయి ఒక పొడుగాటి డబ్బా గీరుకుంటూ తెచ్చాడు, అట్ట విప్పి రెక్కలు ఒక్కోటి గల్లా బల్ల మీద పరిచాడు, గిది నాలుగు రెక్కలది సార్, ఎత్తు కప్పుకు గిదే మంచిది, గాలి మెల్లగ వస్తది గని అంతట పర్సుకుంటది, అందరి పేర్లు పడ్తయ్ అన్నాడు.

అన్న ఆ రెక్కలను చూశాడు, నన్ను చూశాడు, ఆయన ముఖంలో ఏదో మెత్తబడింది, ఎన్నాళ్లయిందో ఆ ముఖం అట్లా చూసి, నిజమే రోజా, నాలుగో దాని మీద నీ పేరు రాయిద్దం, కూతురు రోజారాణి అని, రాయమంటవా అన్నాడు, ఇదే కదా నాకు కావలసింది, అరపూట సెలవు పెట్టింది ఇందుకే కదా, సంతోషం రావాలి, రావడం లేదు, బల్ల మీద ఆ నాలుగో రెక్క తెల్లగా ఖాళీగా పడి ఉంది, నా పేరు అక్కడ ఎట్లా ఉంటుందో ఊహిస్తున్నాను, ఎర్ర పెయింటుతో రోజారాణి, అదే పేరు ఇంకోచోట కనపడుతోంది, బీడీ కంపెనీ కార్డు మీద, మడతలు పడ్డ అట్ట మీద నల్ల సిరాతో నా ఫోటో పక్కన రోజారాణి, బీడీ కార్మికురాలు, నేను బీడీలు మానేసి ఆరేళ్లయింది, బట్టల దుకాణంలో పనికి కుదిరాను, అక్కడ పొద్దంతా నెత్తి మీద ఫ్యాన్లే, కార్డు మాత్రం వదులుకోలేదు, కార్డు ఉంటేనే నా బిడ్డ రిషితకు బీడీ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్షిప్పు, అది నా లెక్క ఏడో తరగతితో ఆగొద్దు, అందుకని నా కార్డు మీద అవ్వ చుట్టేది, మా గల్లీలో ఇది కొత్త కాదు, ఒకరి కార్డు మీద ఇంకొకరు చుట్టడం ఇంటింటికీ ఉన్నదే, అవ్వ కార్డు అరవై దాటాక ఎప్పుడో తీసేశారు, అవ్వకు బీడీలతో పనే లేదు, పింఛను తింటూ కూర్చోవచ్చు, ఈ సంగతి అన్నకు తెలియదు, చెప్పకు బిడ్డా, మీ అన్న లొల్లి పెడ్తడు అన్నది అవ్వే, నేను చెప్పలేదు, ఆమె బతికున్నప్పుడు చెప్పలేదు, పోయాక అసలే చెప్పలేదు.

అవ్వ పోయే ముందు రోజు పొద్దున ఫోన్ చేసింది నేను, ఇప్పుడు ఆపినా ఆగడం లేదు, దుకాణంలో చీరలు మడతపెడుతూ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని చేశాను, అవ్వా, గీ నెల పని దినాలు తక్కువ పడ్డయంట, కార్డు కొట్టేస్తరట, రేపు పొద్దుగూకే లోపట ఎట్లన్న బీడీలు చుట్టి ఇచ్చెయ్యి అన్నాను, ఎండ దంచుతున్నది బిడ్డా, కూసుంటె కండ్లు తిరుగుతున్నయ్ అన్నది, మరి ఫ్యాన్ వేసుకో అనలేదు నేను, ఎట్లా అంటాను, ఫ్యాను వేస్తే బీడీ కాదని నాకు తెలుసు, అన్నకు తెలియక వేసుకో అన్నాడు, నేను తెలిసీ, ఒక్క దినమే గదనే అవ్వా, జర చెయ్యి అన్నాను, నా నెత్తి మీద అప్పుడు రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, సరే తియ్యి అన్నది, అదే ఆఖరి మాట, మూడో రోజు అనసూర్యక్క చాటలో దొరికిన కట్టలు ఒక సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చింది, గివి నీ కార్డుకే గద రోజా, కంపెనీల ఇయ్యాల్నా అని మెల్లగా అడిగింది, ఇంట్లో ఇంకా దీపం ఆరలేదు, ఇయ్యక్కా అన్నాను, వాటితో ఆ నెల దినాలు నిండాయి, రిషితకు స్కాలర్షిప్పు వచ్చింది, ఏడాదిగా అవ్వ మొండిది మొండిది అని అందరితో పాటు అంటూనే ఉన్నాను, తలుపు కింద చీర కుక్కిన సంగతి చెప్పి అన్న మీద ఏడుస్తూనే ఉన్నాను, ఆయన చదువుకు అవ్వ గాలి వదులుకుంది, నిజమే, నా బిడ్డ చదువుకు ప్రాణమే వదిలింది, ఆ ప్రాణం అడిగింది నేను, అన్న అడగలేదు.

ఏమంటవే, పెయింటరాయనకు ఫోన్ చెయ్యాలె అంటున్నాడు అన్న, నా పేరొద్దు అన్నాను, అన్న ముఖం చిన్నబోయింది, అలిగినవా, ముందే రాయకపోతిని, తప్పే, మన్సుల పెట్టుకోకు అన్నాడు, ఆయన గొంతు నిజంగానే మెత్తగా ఉంది, ఇప్పుడు ఊరుకుంటే అయిపోతుంది, ఆయన జన్మంతా తనే తప్పు చేశాననుకుంటాడు, నేను అలిగిన చెల్లెలిగానే ఉండిపోవచ్చు, అమీనుద్దీన్ భాయ్ రెక్కలు తుడుస్తూ తలెత్తి చూస్తున్నాడు, అవ్వ మొండిది కాదన్నా అన్నాను, మొండిదయితే నాకెదురు చెప్పేది, ఆ రోజు చుట్టింది నా కార్డు బీడీలు, ఎండకు కండ్లు తిరుగుతున్నయని చెప్పింది, నేనే చెయ్యమన్న.