ఇంకా గట్టిగా లాగక్కా

కరుణాకుమారి చెయ్యి మంచిదని సినిమావాళ్ళకు పెద్ద నమ్మకం. హెయిర్ డ్రెస్సరుగా మద్రాసు నుంచి వచ్చాక ఇక్కడ ఆమె మొదట జడ వేసిన అమ్మాయి లీలాకుమారి. లీల మొదటి సినిమా వంద రోజులు ఆడింది. ఇక చూసుకోండి, జూబ్లీహిల్స్‌లో ఎవరు కొబ్బరికాయ కొట్టినా హీరోయిన్ తలలో మొదటి పువ్వు కరుణే పెట్టాలి. కథ ఉందా లేదా అన్నది తరువాత సంగతి. పువ్వు దగ్గర మాత్రం రాజీ లేదు.

ఆ చెయ్యే ఇప్పుడు లేవడం లేదు.

కుడి భుజం. మొదట్లో ఒట్టి సలుపు. కొన్నాళ్ళకు రవిక తొడుక్కోవాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చివరికి తన ముడి తాను వేసుకోలేకపోయింది. హీరోయిన్లందరి తలలూ దువ్వే మనిషి, రహమత్ నగర్‌లో తను అద్దెకుంటున్న ఇంటి ఓనరు జగదాంబ ముందు కూచుని తల దువ్వించుకునేది.

"గా చెయ్యి గట్ల ఊపకు కరుణమ్మా. జర కదలకుండ వెట్టుకో, గదే తగ్గుతది. ఫికర్ జెయ్యకు," అనేది జగదాంబ.

కరుణ ఆ సలహా పట్టుకుని వేలాడింది. ఇంట్లో ఉన్నంతసేపూ చేతిని పొట్టకు అదిమి, పైటకొంగులో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసేది. బయట మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మంచి చెయ్యి కాస్తా తెల్లారేసరికి పాడు చెయ్యి అవుతుంది. షూటింగుల్లో హీరోయిన్లను పొట్టి స్టూలు మీద కూచోబెట్టి ఎలాగో నెట్టుకొస్తోంది.

నొప్పినైనా ఓర్చుకునేదే గానీ, ఆ చేతిని ఎవరో పట్టుకున్నట్టుండేది. జడ పాయ తీసినప్పుడల్లా మణికట్టు మీద చల్లని వేళ్ళు బిగుసుకునేవి. చెవి పక్కన ఒకటే మాట: "ఇంకా గట్టిగా లాగక్కా."

అది లీల మాట. లీల పోయి రెండేళ్ళు దాటింది.

అప్పట్లో రోజూ పొద్దున్నే మేకప్ గదిలో లీల అద్దం ముందు కూచున్నప్పుడు, "నొప్పిగా ఉందా అమ్మా?" అని కరుణ అడిగేది. ఎవరికి జడ వేసినా ఆ మాట ఆమెకు ఊతపదం. లీల అద్దంలోంచి నవ్వేది. "లేదు. ఇంకా గట్టిగా లాగక్కా." కణతల దగ్గర చర్మం బిగిసేదాకా కరుణ లాగేది. ఒకనాడు పాట చిత్రీకరణలో, గిర్రున తిరుగుతూ తిరుగుతూ లీల కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. చాలా నెలలుగా తలనొప్పి ఉండే ఉంటుందనీ, జుట్టు బిగించి కడితే కాస్త తెరిపిగా ఉండేదేమోననీ డాక్టరు అన్నాడు. హీరోయిన్‌కు జబ్బని పొక్కితే కాల్షీట్లు అడిగే నాథుడుండడు. అందుకే ఆ పిచ్చిపిల్ల కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు.

చివరి జడ కూడా కరుణే వేసింది. తల్లి శకుంతలమ్మ పెళ్ళికూతురిలా ముస్తాబు చెయ్యమంది. పూలు కుడుతూ, పాయ బిగిస్తూ, అలవాటు కొద్దీ కరుణ అడగనే అడిగింది. "నొప్పిగా ఉందా అమ్మా?"

ఆ రోజు నుంచే చెయ్యి ఇలా అయిందని కరుణ లెక్క. ఈ చెయ్యి లాగింది, నరం చిట్లింది, లీల వచ్చి పట్టుకుంది. ఈ మాట ఆమె చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదరుకు కూడా చెప్పలేదు.

అలాంటి సమయంలో శకుంతలమ్మ కబురు పెట్టింది. రెండో కూతురు మంజులతను హీరోయిన్‌గా పరిచయం చేస్తున్నారు, వచ్చే నెలలో ఫిల్మ్‌నగర్‌లో ముహూర్తం.

"మొదటి పువ్వు నువ్వే పెట్టాలి కరుణా. ఉన్నన్నాళ్ళూ నా పెద్దది రాణిలా ఉందంటే నీ చేతి చలవే."

"అమ్మగారూ, ఇంకెవరినైనా..."

"కాదనకు. నా మీద ఒట్టే."

అక్కను తీసుకుపోయిన చెయ్యి చెల్లెలి తల మీద పడాలి.

ఆ భయమే ఆమెను మధురానగర్‌లో ఫిజియోథెరపీ చేసే బాలశౌరి దగ్గరికి తరిమింది. ఆమె వెళ్ళే చర్చి మనిషే. అతను పట్టుకుని ఎత్తినా చెయ్యి భుజం దాటలేదు. రక్తం పరీక్ష చేయిస్తే షుగరు బయటపడింది.

"భుజం పట్టేసిందమ్మా. కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది, అది వాచి బిగుసుకుపోయింది. షుగరున్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. మీరేమో కదపకుండా దాచి ఇంకా బిగించారు."

"వదులుతుందా బాబూ?"

"వదులుతుంది, కానీ నెలలు పడుతుంది. షుగరుకు మందు వాడండి. రోజూ వేడి కాపడం పెట్టుకుని, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా పైకి పాకించండి. ఓర్చుకోగలిగినంతవరకే. మొండిగా లాగొద్దు."

కరుణ గొంతు తగ్గించి ఆ చల్లని వేళ్ళ సంగతి చెప్పింది. బాలశౌరి నవ్వలేదు.

"జుట్టు లాగితే తలలో నరాలు చిట్లవమ్మా. అది సరే, ఆ అమ్మాయి ఉన్నప్పుడు ఈ భుజం ఎప్పుడూ సలపలేదా?"

కరుణ గుర్తు చేసుకుంది. సలిపింది. లీల "ఇంకా గట్టిగా" అన్నప్పుడల్లా ప్రాణం జివ్వుమనేది. పళ్ళ బిగువున అద్దంలోకి చూసి నవ్వేది. అక్కడ లీల కూడా నవ్వుతూనే ఉండేది. ఒకే అద్దంలో ఇద్దరు, ఒకరి నొప్పి ఒకరికి తెలియకుండా ఎంత బాగా నటించారో! ఆ నటనకు చప్పట్లు కొట్టిన వాళ్ళు లేరు.

ఆ రోజు నుంచి కరుణ గోడ పట్టింది. మధ్యాహ్నం పూట జూబ్లీహిల్స్ వైపు ఇళ్ళ కోసం బండలు పేల్చేవాళ్ళు. గోడ చిన్నగా అదిరేది. కరుణ వేళ్ళు మేరీమాత క్యాలెండరు అంచు దాకా పాకి ఆగిపోయేవి. పక్కనే ఇంకో చెయ్యి కూడా పాకుతున్నట్టుండేది. అటు తిరిగి చూసే ధైర్యం ఆమెకు లేదు.

ముహూర్తం రోజు రానే వచ్చింది. దేవుడి పటాల ముందు పట్టుచీరలో మంజులత నిలబడింది. అదే ఎత్తు, అదే మెడ. ఫోటోలవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. కరుణ గులాబీ తీసుకుని చెయ్యెత్తింది. భుజం దగ్గరే ఆగిపోయింది. మణికట్టు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఇంకా గట్టిగా లాగక్కా.

"కానివ్వమ్మా, ఘడియలు దాటిపోతున్నాయి," అన్నాడు నిర్మాత.

ఎడమ చేత్తో పెట్టేస్తే? శుభమా అని మొదలుపెడుతూ ఎడమ చెయ్యా! కరుణ అందరినీ ఒకసారి చూసింది. పళ్ళు బిగించి నవ్వబోయి, మానేసింది.

"నా చెయ్యి లేవదండీ. భుజం పట్టేసింది."

నిర్మాత మొహం మాడిపోయింది. శకుంతలమ్మ దగ్గరికొచ్చింది. "ఎన్నాళ్ళ నుంచే?"

"లీలమ్మ ఉన్నప్పటి నుంచీ, అమ్మగారూ. నేను చెప్పలేదు. తనూ చెప్పలేదు."

మంజులత ఒక్క క్షణం ఆలోచించి, పట్టుచీర నలుగుతుందని కూడా చూడకుండా నేల మీద కూచుంది. "ఇప్పుడు అందుతుందా అక్కా?"

అందింది. కరుణ పాయ తీసి, పువ్వు పెట్టి, పిన్ను గుచ్చి బిగించింది. చేతులు అలవాటును మరవవు, నోరూ అంతే.

"నొప్పిగా ఉందా అమ్మా?"

మంజులత కెమెరాల వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"ఉందక్కా. చాలా లాగుతోంది."

కరుణ కళ్ళు మసకబారాయి. అప్పుడే చెవి పక్కన, ఇంకెవరికీ వినబడకుండా, ఆ పాత గొంతు మెల్లగా అంది.

"నాకూ ఉండేదక్కా."

కరుణ పిన్ను తీసి, జడ వదులు చేసింది.