అత్త మరిచిన బాణీ

రన్వెయిగ్‌కు సంగీతంలో ఎమ్మే పట్టా చేతికి రావాలంటే సోమవారానికి పరిశోధన వ్యాసం ఆఖరి అధ్యాయం పంపాలి. అందులో అసలు సంగతి ఒక్కటే. నార్వేలోని తెలెమార్క్ లోయలో గుడ్రున్ అత్త ఫిడేలు మీద వాయించే పెళ్ళి బాణీ, ఓస్లోలో భద్రపరచిన పాత రికార్డులోని బాణీ ఒకటి కావు. రికార్డులో చివరి వరస పైకెళ్ళి మెలిక తిరుగుతుంది. అత్త దాన్ని కిందికి దించి ఆపేస్తుంది. రన్వెయిగ్ పుట్టినప్పటినుంచీ విన్నదే కదా.

"నువ్వు విన్నావు, సరే. చదివేవాళ్ళు ఎలా నమ్ముతారు? వెళ్ళి రికార్డు చేసుకురా," అన్నాడు ప్రొఫెసర్ హాల్వార్.

శనివారం రైలు దిగి, బస్సు మారి వచ్చేసరికి అత్త కాఫీ కాచి ఉంచింది. తాగాక ఫిడేలు తీసి వాయించింది. చివరి వరస పైకెళ్ళి మెలిక తిరిగింది.

"మళ్ళీ వాయించత్తా."

మళ్ళీ అంతే.

"నువ్వు కిందికి దించేదానివి కదా?"

"దించేదాన్నే. పోయిన వేసవిలో నువ్వొచ్చి ఇలా వాయించావు కదే. ముచ్చటేసి పట్టేశాను. ఏం, నేరమా?"

ఆ ముందు చలికాలమంతా రన్వెయిగ్ స్వరాలు రాసుకోవడానికి ఆ రికార్డునే విన్నది. అది తన చేతికి ఎప్పుడెక్కిందో తనకే తెలియదు.

"పాతది ఒక్కసారి వాయించవూ?"

అత్త కమాను ఎత్తింది. వరస కిందికి దిగబోయి, తడబడి, అటూ ఇటూ కాకుండా ఆగింది. "ఇలాగేనా?"

చూపిద్దామని రన్వెయిగ్ ఫిడేలు అందుకుంది. ఆమె వేళ్ళూ పైకే పోయాయి. అసలు అత్త ఎప్పుడైనా దించేదా, లేక అది తన ఊహేనా?

"దించేదని రాసెయ్యవే. నేను కాదంటానా?"

"నువ్వు ఔనంటే చాలదత్తా."

"ఏం చదువులే తల్లీ. మనిషి మాటే చాలదు."

రన్వెయిగ్ వసారాలోకి వెళ్ళి ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. "సోమవారం అధ్యాయం రాదండీ. నేను చూపించాలనుకున్న తేడాను నేనే చెరిపేశాను." జరిగిందంతా చెప్పింది.

"పట్టా ఏడాది వెనక్కి పోతుంది, తెలుసుగా?" అన్నాడు హాల్వార్. "పోనీ, ఇదే రాయకూడదూ?"

"ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నామో తెలిస్తే కదండీ రాయడానికి."

లోపల అత్త ఆ వరసను రకరకాలుగా వాయించి చూసుకుంటోంది. రన్వెయిగ్‌కు ఒకటి పాతదే అనిపించింది. ఆ వెంటనే ఇంకొకటీ పాతదే అనిపించింది. రన్వెయిగ్ ఫోన్ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.