ఏడో కెమెరాలో నల్లగడి

రెండింటికి షిఫ్టు దిగి అందరూ వెళ్ళిపోయారు. వదిన సంచి మాత్రం ఇంకా కొక్కేనికే వేలాడుతోంది. ఇంటి తాళంచెవి అందులోనే ఉంది. తాళంచెవి మర్చిపోయే మనిషి కాదు మా వదిన.

మేమిద్దరం ఒకే కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాం. తను కింద గడ్డకట్టిన పెట్టెలు మోస్తుంది. నేను పై గదిలో కూర్చుని కెమెరాలు రికార్డు చేసింది చూస్తాను. ఇంట్లో నా మీద కన్నేసింది చాలక ఇక్కడ కూడా కాపలానా ఆడపడుచా అని రోజూ ఏడిపిస్తుంది. ఏడో కెమెరా కింద ఆగి, పైకి చూసి, నాలుక బయటపెట్టి మరీ పోతుంది.

ఒకప్పుడు ఈ చూసే పనికి ముగ్గురం ఉండేవాళ్ళం. పన్నెండు కెమెరాలు, మనిషికి నాలుగు. తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఏమీ కదలని సేపంతా అదే దాటేస్తుంది, కదలిక ఉన్న ముక్కల్ని ఏరి చూపిస్తుంది. ఎనిమిది గంటల రికార్డు అరగంటలో అయిపోతుంది. మిగతా ఇద్దర్నీ పంపేశారు. పని తేలికైంది అన్నారు. ఎవరికి తేలికైందని నేను అడగలేదు. మిగిలింది నేనే కదా.

ఏడో కెమెరా ఒక్కటే నా ప్రాణం తీసేది. అది మైనస్ పద్దెనిమిది డిగ్రీల గది లోపలిది. తలుపుకి లోపలివైపు ప్లాస్టిక్ పట్టీల తెర ఉంది. ఫ్యాను గాలికి పట్టీలు ఊగుతూనే ఉంటాయి. ఊగిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఒక ముక్క కోసి పెడుతుంది. రోజుకి నాలుగొందల ముక్కలు, అన్నీ పట్టీలే. సూపర్‌వైజరు కిటుకు చెప్పాడు. ఊగే చోటు చుట్టూ మౌసుతో ఒక గడి గీస్తే చాలు, అక్కడ నల్లగా కప్పేస్తుంది, కింద రికార్డు ఉన్నా అందులో ఏం కదిలినా లెక్కలోకి రాదు. గీశాను. తలుపు మొత్తం గడిలో పడింది. పడితే పడింది, లోపలికొచ్చేవాళ్ళు గడి దాటి రాక ఎక్కడికి పోతారు అనుకున్నాను. ఆ రోజు నుంచి టీ వేళకే నా పని తెమిలిపోయేది.

సంచి పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. మీ వదిన ఎప్పుడో వెళ్ళిపోయింది, రిజిస్టర్లో టిక్కు ఉంది అన్నాడు. ఆ టిక్కులు ఆయనే కుర్చీలోంచి లేవకుండా అందరికీ ఒకేసారి పెడతాడని మాకు తెలుసు. వదినకి ఫోన్ చేశాను. గేటు పక్కన, కింద పనిచేసేవాళ్ళ ఫోన్లు పెట్టే పెట్టెలోంచి మోగింది.

పైకి పరిగెత్తాను. ఏడో కెమెరా ముక్కలు తెరిచాను. పన్నెండూ నలభై ఎనిమిదికి వదిన ఖాళీ బండి తోసుకుంటూ పెట్టెల వెనక్కి వెళ్ళింది. ఒంటి గంటకి మళ్ళీ కనిపించింది, తలుపు వైపు నడిచింది, గడి అంచున మాయమైంది. అంతే, ఆ తర్వాత ముక్కల్లేవు.

వెనకాలే వచ్చిన సూపర్‌వైజరు నవ్వాడు. "చూశావా, వెళ్ళిపోయింది. ఉంటే కదలదా ఏంటి?"

ఎనిమిదో కెమెరా తెరిచాను. అది తలుపుకి బయటివైపుది. ఆ గదికి రోజూ ఒంటి గంటకి తాళం పడుతుంది. పన్నెండూ యాభై ఐదుకి ఈయనే వచ్చాడు, లోపలికి తొంగి కూడా చూడలేదు, తలుపు వేసి గడియ పెట్టి తాళం వేశాడు. ఒంటి గంటకి బయటికి వచ్చినవాళ్ళు లేరు. తర్వాత కూడా లేరు. లోపల తలుపు దాకా వచ్చిన మనిషి బయట తేలలేదు. మధ్యలో ఉన్నది నేను గీసిన గడి ఒక్కటే.

గడి చెరిపాను.

ఒంటి గంటా రెండు నిమిషాలు. పట్టీల మధ్య వదిన, బయట తాళం వేసినా లోపల్నుంచి తలుపు తెరిచే మీట నొక్కుతోంది. అది మంచు పట్టి బిగుసుకుపోయిందని ఆడవాళ్ళు ఎన్నిసార్లు చెప్పుకున్నారో. ఒంటి గంటా పది. రెండు చేతులతో తలుపు బాదుతోంది, రికార్డులో చప్పుడు లేదు. ఇరవై. కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. నలభై. కూర్చుంది, చెయ్యి ఇంకా ఊపుతోంది. రెండు గంటలు. చెయ్యి ఒళ్ళో పడి ఉంది. పట్టీలు మాత్రమే ఊగుతున్నాయి.

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

మేనేజరుకి చెప్పకుండా తియ్యకూడదు, ఒక్క నిమిషం ఆగు అంటూ సూపర్‌వైజరు ఫోన్ తీశాడు. ఆయన నడుముకున్న తాళాల గుత్తి లాక్కుని మెట్లు దిగాను. మూడో తాళంచెవి సరిపోయింది.

తలుపు లాగగానే వదిన నా కాళ్ళ మీదికి ఒరిగింది. కనురెప్పల మీద మంచు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. చాలాసేపటికి వెచ్చగా తగిలింది. ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి, నా ఒంటికేసి అదుముకుని చేతులు రుద్దాను. పెదాలు కదిలాయి. నా చెవి దగ్గరగా పెట్టాను.

"ఊపుతూనే ఉన్నానే. చూస్తున్నావుగా అనుకున్నా."

వదినని ఆస్పత్రిలో చేర్చి వచ్చాక, సాయంత్రం సూపర్‌వైజరు ఆ రికార్డు తీసెయ్యమన్నాడు. తియ్యలేదు. కాపీ చేసి, వదిన పక్కన పనిచేసే ఆడవాళ్ళందరికీ పంపాను. మీట బాగయ్యేదాకా ఆ గదిలో అడుగు పెట్టేది లేదని వాళ్ళు గేటు దగ్గరే కూర్చున్నారు.

నేను ఆ గడి మళ్ళీ గియ్యలేదు. రోజూ నాలుగొందల ముక్కలు వస్తున్నాయి. అన్నీ పట్టీలే. తెరుస్తున్న ప్రతిసారీ, ఊగేది పట్టీయేనా అని ఆపి మళ్ళీ చూస్తున్నాను.