పూజ మాత్రల డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పేరమ్మ మాత్రం ఈ మాట ఒప్పుకోదు. ముప్పాళ్లపాడు ఆరోగ్య సబ్‌సెంటర్ గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. మొన్న ఆమె తన తోడికోడలితో అన్నదట, ఆ తోడికోడలు పాలకేంద్రం దగ్గర ఇంకొకరితో అన్నదట: "సిస్టరమ్మ బల్ల మీద ఆవుబొమ్మ డబ్బా ఉంది చూడు, దాంట్లో ఏందో మహిమ ఉందంట. దాని ముందు కూర్చుని లేచిన ఆడదల్లా ఇంటికి పోయి వ్రతం పెట్టుకుంటంది. ఈ ఏడు మన ఊళ్లో అయినన్ని సత్యనారాయణ వ్రతాలు మండలం మొత్తమ్మీద అయ్యుండవు."

నా మీద పుట్టిన మాటల్లో ఇంత గౌరవమైనది ఇదొక్కటే. అందుకే నిజం చెప్పాలంటే కాస్త బాధగా ఉంది. నాలో మహిమ లేదు. నాలో ఉన్నవి పిల్లలు పుట్టకుండా ఆపే మాత్రలు.

నేను హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మిషను ఒక దెబ్బకు నన్ను మడిచింది, ఇంకో దెబ్బకు అడుగు అతికించింది. బొమ్మ గీసినాయన జన్మలో చూడని మంచుకొండల్నీ, వాటి ముందు మేస్తున్న ఒక తెల్లావునీ నా మూత మీద అచ్చు వేశారు. లోపల బిస్కెట్లు పేర్చారు. బిస్కెట్లకూ మంచుకొండకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. మనుషులు మూత మీది బొమ్మను చూసి లోపలి సరుకును నమ్ముతారని నాకు పుట్టిన రోజే తెలిసిపోయింది.

ముప్పాళ్లపాడుకు నన్ను తెచ్చినవాడు ఒక మిరపరైతు. భార్యకు కవలలు పుట్టారన్న సంతోషంలో, కాన్పు చేసిన కరుణమ్మ సిస్టరు చేతిలో నన్ను పెట్టి దండం పెట్టాడు. బిస్కెట్లు ఇంకా అయిపోలేదు, ఆయన భార్య చెరో చంకలో ఒక బిడ్డను వేసుకుని వచ్చింది. "అమ్మా, ఇంకో నాలుగేళ్ల దాకా ఆయన మళ్లీ సంతోషపడకుండా ఏదన్నా ఇయ్యండి" అన్నది. కరుణమ్మ నవ్వి, మిగిలిన బిస్కెట్లు పిల్లలకు పంచేసి, సర్కారు నుంచి వచ్చిన మాత్రల అట్టలన్నీ నాలో సర్దింది. అట్లా నా ఉద్యోగం మొదలైంది.

కరుణమ్మ పద్ధతి వేరు. ఆమె ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఆడమనిషి వచ్చి బల్ల ముందు కూర్చుని చంటిబిడ్డ టీకాల కార్డు చాపితే, కార్డు తిరిగి వెళ్లేటప్పుడు దాని మడతలో ఒక అట్ట ఉండేది. అత్తలు పక్కనే కూర్చుని కూడా కనిపెట్టలేకపోయేవాళ్లు. పందొమ్మిదేళ్లు అట్లా ఎన్ని కార్డుల మడతల్లోకి నా సరుకు వెళ్లిందో నాకే గుర్తు లేదు. ఆమె రిటైరయ్యాక హైమావతి సిస్టరు వచ్చింది.

హైమావతి చెడ్డ మనిషి కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నా మాటల్లో నుంచి ఆమెను చెడ్డదాన్ని చేస్తారేమోనని. సూది వేస్తే పిల్లలు ఏడవటం మరిచిపోయేంత తేలిక చెయ్యి ఆమెది. జోరువానలో వాగు దాటిపోయి కాన్పు చేసి వచ్చింది. కాకపోతే వచ్చిన మూడో రోజే బల్ల ఎదుటి గోడ మీద, ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న సర్కారు కుటుంబం బొమ్మ మీద, సరిగ్గా వాళ్ల ముఖాలు మూసుకుపోయేట్టు తిథులూ వర్జ్యాలూ ఉన్న పెద్ద క్యాలెండరు తగిలించింది. అప్పటి నుంచి ఆ కుటుంబానికి కాళ్లు మాత్రమే మిగిలాయి.

నా మూత తీసి చూసి, లోపల ఉన్నదేమిటో గమనించి, వేడి గిన్నెను ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పుట్టబోయేవాళ్లని ఆపటం పాపం. నా చేత్తో నేను ఇయ్యను. ఉద్యోగం ఉద్యోగమే, మనస్సాక్షి మనస్సాక్షే" అని మొదటిసారి అడిగిన మనిషితో అన్నది. మనస్సాక్షి మనుషుల్లో ఎక్కడ ఉంటుందో నాకు తెలియదు. ఆమెది మాత్రం నా మూత మీద ఉండేది, అరచెయ్యి ఆకారంలో.

ఆమెకు పెళ్లై పదకొండేళ్లు. మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ నా పక్కన కూర్చుని అన్నం తింటూ ఒక్కోసారి చెయ్యి ఆపేసి గోడకేసి చూసేది. తాను అడిగినా దొరకనిదాన్ని వీళ్లు చేతికి అందుతుంటే వద్దంటున్నారన్న కోపం ఆమెది. దాన్ని కోపమని పిలుచుకోవటం ఇష్టం లేక, పాపమని పిలుచుకుంది.

ఇక తిరపతమ్మ సంగతి. పొగాకు గ్రేడింగు పనికి వెళ్తుంది. ముగ్గురు పిల్లలు, చిన్నదానికి ఏడాది దాటింది. ఆ కాన్పులో నెత్తురు ఆగకపోతే మూడు సీసాలు ఎక్కించారు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ చీటీ రాసి మరీ చెప్పింది: ఇంకో కాన్పు వస్తే నువ్వు మిగలవు, ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో నెత్తురు చాలదు, అది పట్టేదాకా ఈ మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దు. పెద్దాసుపత్రికి పోవాలంటే పని మానుకుని రెండు బస్సులు మారాలి. ఊళ్లో మందుల షాపు భర్తకు మేనమామది; అక్కడ తలనొప్పి బిళ్ల అడిగినా సాయంత్రానికి బజారంతా తల పట్టుకుంటుంది. భర్త కోటయ్య మంచివాడే. పెళ్లాం ఏం చెప్పినా సరేనంటాడు, ఏదీ వినడు. మగవాళ్ల తొడుగు సంగతి ఎత్తితే ఒంటికి పడదన్నాడు.

కాబట్టి తిరపతమ్మకు నేనే దిక్కు. హైమావతి ఇవ్వనన్నది. తిరపతమ్మ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే మాట.

మూడోసారి వచ్చిన రోజు బల్ల ముందు రైసుమిల్లు వాళ్ల కోడలు కూర్చుని ఉంది. వాళ్లది గృహప్రవేశం. ముహూర్తం నాటికి తాను బయట చేరే రోజులొస్తాయని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. హైమావతి క్యాలెండరు చూసింది, వేళ్ల మీద లెక్కేసింది, "అయ్యో, దీనికి ఏడుస్తారా?" అంటూ నా మూత తీసింది. అట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టి, "రోజుకొకటి. పూజ అయ్యేదాకా ఆపొద్దు. ఈ చివరి ఏడు గోధుమరంగువి ఉన్నాయే, అవి ఉత్త ఇనుము మాత్రలు. పూజకి వాటితో పని లేదు, పారెయ్యండి" అన్నది.

బెంచీ మీద కూర్చున్న తిరపతమ్మ ఆ అట్ట వంక చూసింది. నా వంక చూసింది. అదే అట్ట, అదే డబ్బా, అదే చెయ్యి. మాత్రలకు మాత్రం ఏం తెలుసు, తమను మింగింది గృహప్రవేశం కోసమో, ప్రాణం కోసమో.

వారం తిరక్కుండా తిరపతమ్మ మళ్లీ వచ్చింది. ముఖాన రూపాయంత బొట్టు.

"సిస్టరమ్మా, సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటన్నాం. ఆ రోజుకి నాకు అడ్డమొచ్చేట్టుంది."

హైమావతి ముఖం విప్పారింది. "మంచి పని తిరపతమ్మా. ఇంత బుద్ధి ఎప్పుడొచ్చింది నీకు?"

"మీ దగ్గర కూర్చుని పోయినప్పటి నుంచేనమ్మా."

అట్ట ఇచ్చింది. ఇస్తూ, "ప్రసాదం తెచ్చి చూపించాలి సుమా" అన్నది. అక్కడ పడింది మెలిక. అబద్ధపు వ్రతానికి అసలు ప్రసాదం ఎక్కడి నుంచి వస్తుంది? తిరపతమ్మ ఇంటికి పోయి నిజంగానే వ్రతం పెట్టుకుంది. కథ వింటున్నంతసేపూ, ఇంతలోనే దీనికి దేవుడంటే ఇంత ఇదేమిటా అని కోటయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడట. పిల్లలు మాత్రం రవ్వప్రసాదం చేతులు నాకేసి, మళ్లీ ఎప్పుడని అడిగారట. గోధుమరంగు మాత్రలు ఆమె పారెయ్యలేదు. నెత్తురు పట్టాల్సింది తనకే కదా, పూజకు కాదుగా.

ఆడవాళ్ల మధ్య కబురు ఎట్లా నడుస్తుందో మీకు చెప్పనక్కరలేదు. రెండో నెలకు బల్ల ముందు వరస. ఒకామెకు లక్ష్మీపూజ, ఒకామెకు తిరుపతి ప్రయాణం, ఇంకొకామెకు ఆడబిడ్డ ఇంట్లో సీమంతం, దానికి ముందు ఆమె అత్తగారి ఊళ్లో జాతర. వ్రతాలు చేయించే శర్మగారికి గొంతు పోయింది. ఇదంతా తన కథాపఠన ప్రభావమేనని ఆయన పొంగిపోతూ మిరియాల కషాయం తాగుతున్నాడు. చర్చికి వెళ్లే మార్తమ్మ కూడా వచ్చింది.

"మా ఇంట్లో ఉపవాస ప్రార్థన ఉంది సిస్టరమ్మా."

హైమావతి అనుమానంగా చూసింది. "మీకు అట్టాంటి పట్టింపు లేదుగా?"

"మాకు లేదమ్మా. పక్కింటోళ్లు వస్తారు, వాళ్లకుంటది. మేం వాళ్లని బాధ పెట్టటం ఎందుకని."

అంత పరోపకారాన్ని కాదనలేక హైమావతి నా మూత తీసింది.

తెలిసి కళ్లు మూసుకుందా, తెలియకే ఇచ్చిందా అని మీరు అడుగుతారు. నెలల తరబడి ఆమె అరచెయ్యి కింద ఉండి కూడా నాకు అంతుపట్టలేదు. ఒకటి చెప్పగలను: పూజ పేరు చెప్పిన ప్రతిసారీ ఆమె చెయ్యి నా మీద తేలికపడేది. ఊరికి తనవల్లే భక్తి అబ్బిందని నమ్మటం ఆమెకు కావలసి వచ్చింది. తిరపతమ్మ ఇంటి వ్రతానికి ఒకసారి స్వయంగా వెళ్లింది కూడా. వచ్చి నా పక్కన కుంకుమ పొట్లం పెట్టుకుంటూ, పేరమ్మతో మురిపెంగా చెప్పింది: "ఒడిలో కొబ్బరికాయ పెట్టి, ఇంకో పండంటి బిడ్డ కలగాలని దీవించి వచ్చానమ్మా."

ఆ దీవెన ఫలించకుండా ఉండటానికి కావలసిన సరుకు కూడా ఆమే ఇచ్చి ఉంది. మనుషులు ఒక చేత్తో పెట్టింది రెండో చేత్తో తీసేస్తూ, రెండు చేతులూ జోడించి దండం పెడతారు. డబ్బాలకు చేతులు లేవు, అందుకే మాకు ఈ తిప్పలు లేవు.

అట్లా ఆరు నెలలు గడిచాయి. ఆ తర్వాత మూఢం వచ్చింది.

శుక్రుడు సూర్యుడి చాటుకు పోతాడట. ఆయన మళ్లీ కనబడేదాకా పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ కొత్త పనులూ ఏవీ పనికిరావట. రెండు నెలల పైచిలుకు. హైమావతి క్యాలెండరు మీద ఆ రోజులన్నిటికీ ఎర్రసిరాతో ఒక పొడుగాటి గీత గీసింది. నా మూత మీది ఆవు నుదుట కుంకుమ పెట్టి, నా చుట్టూ పసుపుదారం కట్టి ముడి బిగించింది.

"శుభకార్యాలు లేనప్పుడు ఈ మాత్రలతో పనేముంది? మూఢం పోయాకే తీస్తా" అని అందరికీ చెప్పేసింది. సూర్యుడికీ శుక్రుడికీ మధ్య ఏదో జరిగితే, ముప్పాళ్లపాడులో నా మూత పడింది.

ఇది నిన్నటి బుధవారం సంగతి. టీకాల రోజు. బెంచీ మీదా గుమ్మంలోనూ పదిమంది తల్లులు, ఒళ్లో బిడ్డలు. పేరమ్మ కూడా మజ్జిగ ఇచ్చే వంకతో వచ్చి నిలబడింది. తిరపతమ్మ పని మానుకుని వచ్చింది. ముఖాన పెద్ద బొట్టు లేదు. ఉతికి ఉతికి వెలిసిన చీర కొంగులో నుంచి డాక్టరమ్మ చీటీ తీసి నా పక్కన పెట్టింది.

"అట్ట ఇయ్యాల్టితో అయిపోయింది సిస్టరమ్మా. రేపటి నుంచి మళ్లీ మొదలెట్టాల. ఒకటి ఇయ్యండి."

"ఇప్పుడేం పూజ?"

"పూజ లేదు. ఏ పూజా లేదు. నాకే కావాల."

హైమావతి చీటీ వంక చూడకుండా దూది మడుస్తూ, "డాక్టర్లకు భయపెట్టటం అలవాటు తిరపతమ్మా" అన్నది.

"భయం కాదు. పోయిన కాన్పుకి మూడు సీసాలు ఎక్కిచ్చారు. అప్పుడు మా అన్న ఊళ్లో ఉండబట్టి నెత్తురిచ్చాడు. ఇప్పుడు మా అన్న లేడు, బేల్దారి పనికి బెంగుళూరు పోయాడు. నాకేమన్నా అయితే ఈ ముగ్గుర్నీ ఎవరు చూస్తారో మీరే చెప్పండి."

ఒక చంటిబిడ్డ ఏడుపు లంకించుకుంటే తల్లి బయటికి తీసుకుపోయింది. హైమావతి మెత్తబడింది. ఆమె వేళ్లు నా పసుపుదారం ముడి దాకా వచ్చాయి, నేను స్పష్టంగా చూశాను. ముడి విప్పితే ఆరు నెలలుగా ఇచ్చింది దేనికోసమో కూడా పదిమంది ముందు విప్పినట్టే. వేళ్లు మళ్లీ వెనక్కి పోయాయి.

"నీ మంచికే చెప్తున్నా" అన్నది, గొంతు తగ్గించి. "ఇచ్చేవాడు దేవుడు, వద్దనటానికి మనమెవరం? రెండు నెలలు ఓపిక పట్టు. మూఢంలో మంచి పనులేవీ జరగవు గదా."

పేరమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. తిరపతమ్మ చీటీ మడిచింది, కానీ కొంగులో పెట్టుకోలేదు. లేచి వెళ్లనూ లేదు. ఆమె అప్పుడు అన్న మాట పేరమ్మ నోట ఊరంతా తిరిగేసరికి వేరే మాట అయిపోతుంది. కాబట్టి ఆమె ఎట్లా అన్నదో అట్లాగే మీకు అప్పగిస్తున్నాను.

"మూఢమని నాకు చెప్పారు గదా సిస్టరమ్మా. రాత్రికి మా ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పండి."