హార్న్‌లీ బురుజు నీడ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ డోర్కస్. కోట దగ్గర తవ్వేవాళ్ళకి ఆవిడే టీ కాచేది. విన్నది కాదు, చూసింది చెప్పింది.

హార్న్‌లీ కోట పెద్ద బురుజు ఏనాడో కూలిపోయింది. దాని నీడ మాత్రం ఎండ కాసిన ప్రతి మధ్యాహ్నం గడ్డి మీద పడేది. అందులో గొర్రెలు పడుకునేవి, ఆడవాళ్ళు అల్లికలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు.

బురుజు పునాది వెతకడానికి పట్నం నుంచి మిస్ కవర్‌డేల్ వచ్చింది. గడ్డిలో మేకులు కొట్టి, మధ్యన దారం కట్టి, తవ్వేవాళ్ళలో ఇటు వైపు ఏమస్‌కి, అటు వైపు వాడి తమ్ముడు జేబెజ్‌కి పంచింది. "పునాది ఎవరి వైపు తేలితే వాళ్ళే ఇకమీదట కోట కాపలాదారు. గేటు పక్క ఇల్లు కూడా వాళ్ళకే" అంది.

మధ్యాహ్నం నీడ పడింది. దాని మొదలు జేబెజ్ వైపు ఉంది.

ఏమస్‌కి కడుపు రగిలిపోయింది. చిన్నప్పటినుంచీ అంతే. అమ్మ రొట్టె కోస్తే కరకరలాడే అంచు తమ్ముడికే.

"పెట్టిపుట్టావురా" అన్నాడు.

"కావాలంటే ఇటు రా అన్నా, నేనటు పోతా. నాకేం?"

"నీ దానం ఎవడిక్కావాలి? పని చూసుకో."

తమ్ముడు అలా ఇస్తాననడం వాణ్ణి ఇంకా మండించింది. అందరూ టీకి వెళ్ళగానే ఏమస్ మేకులు పీకి, నీడ మొదలు తన వైపుకొచ్చేలా మళ్ళీ కొట్టాడు. పెద్దమ్మ కెటిల్ పట్టుకుని చూస్తూనే ఉంది.

మర్నాడూ నీడ వచ్చింది. ఈసారి జేబెజ్ బూట్ల దగ్గర మొదలైంది. వాడు కంచె దాకా నడిస్తే వెంట నడిచింది.

"అటు జరగవయ్యా, కుట్టు కనబడి చావట్లేదు" అని విసుక్కుంది ఒకావిడ.

మిస్ కవర్‌డేల్ జేబెజ్‌ని నిన్న నీడ మొదలైన చోట నిలబడమంది. అక్కడే తవ్వించింది. పునాది రాళ్ళు తేలాయి.

"దారం ప్రకారం అది నా వైపు" అన్నాడు ఏమస్.

"రాళ్ళు నీ వైపే ఏమస్. నీడే అతని వైపుంది" అంటూ తాళంచెవులు జేబెజ్ చేతిలో పెట్టింది.

జేబెజ్ ఆ గేటింట్లోనే ముసలివాడయ్యాడు. వాడి మొహాన మళ్ళీ ఎండ పడలేదు. ఎదురుగోడ మీద వెచ్చగా కూర్చుని కూడా ఏమస్ ఆ నీడకేసే చూసి కుళ్ళుకునేవాడట.

ఇప్పుడు గేటు దగ్గర రాతిపలక మీద, అన్నదమ్ములిద్దరూ కలిసి పునాది కనిపెట్టారని చెక్కించారు. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. కలిసి ఏమీ కనిపెట్టలేదు. ఒకడు మేకులు పీకాడు. పైనున్న పేరు వాడిదే. ఉలి పట్టడం వచ్చినవాళ్ళెవరైనా వెళ్ళి అది గీకెయ్యండి. జేబెజ్ పేరు ఒక్కటీ చాలు.