దూది గాలి

"కిటికీ మళ్ల ఎవరు తెరిచిన్రు?"

రొట్టెను పెనం మీద వదిలేసి వచ్చి మరీ అడిగింది సాయిమా. అత్త హుస్నాబీ ఊచలకు ముఖం ఆనించి నిలబడి ఉంది.

"నేనే. జులూసు పోతుంది, జర సూడనీ."

"మంచు గాలి అమ్మీ. హీబాకు దగ్గు లేస్తది."

"ఊరంత తెలంగాణ కొరకు రోడ్డెక్కింది. నీ ఇంట్ల కిటికీకి గూడ ఆజాదీ లేదు!"

సాయిమా నవ్వలేదు. రెక్క మూసి, గడియ పెట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. ఈలోగా వంటింట్లో రొట్టె మాడింది. దానికీ ఆమెనే అన్నారు.

ముందు గదిలో భర్త నదీమ్ దూది ఏకే మిషను నడుపుతాడు. వెనక గదిలో అందరూ పడుకుంటారు. రెంటికీ నడుమ ఒక పరదా. చలి మొదలైతే సిద్దిపేటలో సగం ఇళ్ల పాత రజాయిలు అక్కడికే వస్తాయి. నదీమ్ దూది ఏకుతాడు, సాయిమా కుడుతుంది. మంచమంత గుడ్డలో దూది సమంగా పరిచి, మోకాళ్ల మీద జరుగుతూ ఈ అంచు నుంచి ఆ అంచుకు కుట్లు వేస్తుంది. లేచేసరికి నడుము తనది కాదన్నట్టు ఉంటుంది. బి.ఎస్సీ. కోడలని పెళ్లిలో గొప్పగా చెప్పుకున్నారు. బడిలో సైన్సు చెప్పే పని దొరికినప్పుడు మాత్రం, "సీజను పోనీ, సూద్దాం" అన్నాడు నదీమ్. సీజన్లు పోతూనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "మా ఆమె ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది" అంటాడు. అప్పుడు కూడా ఆమె చేతిలో సూది ఉంటుంది.

కూతురు హీబాకు మూడేళ్లుగా చలికాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు. కోమటి చెరువు మీది మంచు పడటం లేదని మొదట అన్నది సాయిమానే. చదువుకున్న మనిషి మాట గనుక ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. కిటికీలు మూసింది, పిల్లకు రెండేసి రజాయిలు కప్పింది, పరదాకు కింద ఇటుకలు పెట్టింది.

అంతలో బందు వచ్చింది. ఉద్యమం పిల్లలు గుంపుగా వచ్చి, "షటర్ దించు నదీమ్ భాయ్" అన్నారు. "జై తెలంగాణ" అంటూ దించేసి, నదీమ్ వాళ్ల వెంటే దీక్షా శిబిరానికి పోయాడు. మిషను ఆగింది. హుస్నాబీ కిటికీ బార్లా తెరిచి, మనవరాలిని గట్టు మీద కూర్చోబెట్టుకుని రోజంతా జులూసులు చూపించింది. వాదించే ఓపిక లేక సాయిమా ఊరుకుంది. మంచు నేరుగా లోపలికి వచ్చింది. దగ్గు మాత్రం రాలేదు. హీబా నినాదాలు నేర్చుకుని గొంతు చించుకుని అరిచింది, ఆయాసపడలేదు.

బందు ఎత్తేశారు. మిషను మొదలైంది. కిటికీ మూశారు. సాయంత్రానికి బిడ్డ వీపు మీద చెయ్యి ఆనిస్తే అరచేతికి పిల్లికూతలు తగిలాయి. పరదా సందులోంచి పడుతున్న వెలుతురులో సన్నటి దూది నూగు తేలుతోంది. కదలకుండా చాలాసేపు దాన్నే చూసింది సాయిమా. బయటికి పోవలసిన దాన్ని గుడ్డలు కుక్కి మరీ లోపల దాచింది తనే. ఇంత చదువూ ఒక్క కిటికీ దగ్గర పనికి రాలేదు.

నదీమ్ దగ్గరికి వెళ్లింది. అతని ముక్కుకు రుమాలు కట్టి ఉంది.

"రుమాలు ఎందుకు కట్టుకున్నరు?"

"దూది ముక్కుల పోతది."

"పరదా అవుతల బిడ్డకు పోదా?"

"చలి పడ్తలేదని నువ్వే గదా అన్నవు. ఎండకాలమొస్తే మంచిగైతది."

"తప్పు జెప్పిన. చలి గాదు, దూది. పాత బస్టాండు కాడ మీ మామ రేకుల షెడ్డు ఖాళీగనే ఉంది. మిషను గాడికి తీస్కపోండ్రి."

"నువ్వు గాడికొచ్చి కుడితే ఇంట్ల వంట ఎవలు చేస్తరు? పో, పని చూస్కో. చలికాలమే మనకు పంట."

శుక్రవారం నమాజు తర్వాత అందరూ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు భోజనానికి కూర్చున్నారు. సాయిమా అన్నం, ఖట్టీ దాల్ వడ్డించి తనూ కూర్చుంది. మామూలుగా ఆమె వాళ్లతో కూర్చోదు.

"మిరుదొడ్డి పెండ్లోల్ల రజాయిలు సోమారానికి గావాలె" అన్నాడు నదీమ్. "తిన్నంక కుట్టుడు మొదలుపెట్టు."

"మిషను ఈ ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను సూది పట్ట."

హుస్నాబీ చేతిలో ముద్ద ఆగిపోయింది. నదీమ్ నవ్వాడు. "సూసినవా అమ్మీ, నీ కోడలు ఇంట్లగూడ బందు పెట్టింది. ఎన్నొద్దులు బేగం సాబ్?"

హీబా దగ్గుతోంది. సాయిమా బిడ్డ వీపు నిమిరింది. మూడు చలికాలాలు వృథాగా పోయాయి. ఇంకొకటి పోనివ్వదు.

"రేపు హీబాను తీస్కొని మద్దూరు మా అమ్మింటికి పోతున్న" అంది. "ఎప్పుడొస్తవని అడుగుతరేమో. చలికాలం పోయినంక గాదు, మిషను పోయినంక."