మెడలో దండ పడ్డ మిషన్

నారాయణగూడ పరీక్షల ఆఫీసు నుంచి అటెండరు పీరయ్య ఫోన్లో అరిచిన మాట, "మిషన్ లేస్తలేదు, కమలమ్మకు చెప్పి నీలం బుక్కు పంపున్రి" అని. అశోక్‌నగర్‌లో కిషన్‌రావు పక్కింటి ధర్మారావుగారి చెవికి అందింది, "కిషన్ లేస్తలేడు" అని. మిగతాది ఆయన వినలేదు. రిసీవరు వదిలేసి, ప్రహరీ మీంచి కిషన్‌రావు భార్య కమలను కేకేశారు.

ఆ సంగతి తెలియని కిషన్‌రావు ఆఫీసులో బీరువా అంత కంప్యూటరు ముందు మోకాళ్ల మీదున్నాడు, ఇంట్లో మరిచిన దాని రిపేరు పుస్తకం, ఆ నీలం బుక్కు కోసం ఎదురుచూస్తూ. మనిషి పొద్దున్నే లేచాడు, లేవనిది మిషనే. దసరా సెలవులై వచ్చి స్విచ్చి వేస్తే ఒక్క దీపమూ వెలగలేదు.

"సాయంత్రం నాలుగింటికి ఫలితాలు ప్రెస్సుకు వెళ్లాలయ్యా," అన్నారు మేనేజరు జగన్నాథరావుగారు. "లేకపోతే ఈ బీరువాను వచ్చిన దారినే పంపించేస్తాను. నువ్వూ పాత బల్ల దగ్గరికే!"

రెండేళ్లు బతిమాలి తెప్పించుకున్న మిషన్. "పోయేది మిషన్ గాదు సార్, దాని రోగం," అన్నాడు కిషన్‌రావు.

ఫ్యూజులు మార్చాడు. టెస్టరు పెట్టాడు. కరెంటు మిషన్ గుమ్మం దాకా వస్తోంది, గడప దాటడం లేదు. వెనక తలుపులు తీసి ఒక్కో తీగనూ పట్టుకుని పోయాడు. ఒంటిగంటయింది, టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. చివరి తీగ ముందు పలక మీదికొచ్చి, ఆయుధపూజ నాటి బంతిపూల దండ వెనక మాయమైంది.

దండ తీయబోయాడు.

"అయ్యో, ముట్టుకోకండి!" కార్డులు పంచ్ చేసే బాలత్రిపురసుందరి అడ్డొచ్చింది. "ఇంకా ఉద్వాసన చెప్పలేదండీ!"

"దండుంటే మిషన్ దండగైతదమ్మా. సార్, పూజ చేసింది మీరే, జర మీరే చెప్పున్రి."

జగన్నాథరావుగారు బూట్లు విప్పి, అక్షింతలు చల్లి, "యథాస్థానం ప్రవేశయామి" అన్నారు.

దండ వెనక ఎర్ర గుబ్బ ఒకటి అంగుళం బయటికొచ్చి ఉంది. నిప్పంటుకుంటే లాగడానికి పెట్టింది. ఒకసారి లాగితే, లోపలి నుంచి సరిచేసేదాకా కరెంటును రానివ్వదు.

"దండ దీనికి కట్టిన్రా?"

"కొక్కెం అనుకున్నానండీ. జారిపోతోందని గట్టిగా లాగి బిగించాను," అంది సుందరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కిషన్‌రావు పలక విప్పి, స్క్రూడ్రైవరుతో లోపలి గొళ్లెం తప్పించాడు. గుబ్బ కూడా యథాస్థానం ప్రవేశించింది. స్విచ్చి వేశాడు. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు హోరెత్తాయి. మూడింటికల్లా ఫలితాల కాగితం గడగడా బయటికొస్తోంది.

అప్పుడు ఊడిపడింది కమల, ఏడుస్తూ. వెనక ధర్మారావుగారు, ఆ వెనక ఊరంతా వెతికి పట్టుకొచ్చిన చిక్కడపల్లి డాక్టరుగారు.

"లేస్తలేరంటిరి గదా!" అంది కమల ధర్మారావుగారితో.

"నీలం బుక్కేది?" అన్నాడు కిషన్‌రావు.

"ఏం బుక్కు?" అన్నారు ధర్మారావుగారు.

"నేను మిషనే అన్న అమ్మా!" అన్నాడు పీరయ్య.

డాక్టరుగారు పెట్టె పట్టుకుని దిక్కులు చూశారు. "ఇంతకీ పేషెంటెవరు?"

"గదే సార్," కిషన్‌రావు కంప్యూటరును చూపించి, అందరికీ వినపడేలా చెప్పాడు. "పీరయ్య అన్నది మిషన్, ధర్మారావుగారు విన్నది కిషన్. లేవంది అది, దండ పడ్డదీ దానికే. ఇప్పుడు ఇద్దరం లేషినం!"